పబ్జీ, బీజీఎంఐ: పేరు మారింది, నిషేధాలు వచ్చిపోయాయి... ఆట మాత్రం ఎందుకు ఆగలేదు?

2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. ఆ జాబితాలోని చాలా పేర్లు సామాన్యులకు తెలియవు. ఒక్క పేరు మాత్రం ఆ రాత్రికల్లా ఇంటింటా వినిపించింది. అదే పబ్జీ మొబైల్. పిల్లలు దిగులుపడ్డారు. తల్లిదండ్రుల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

ఏడాది తిరగకుండానే అదే ఆట ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ (బీజీఎంఐ) అనే కొత్త పేరుతో తిరిగొచ్చింది. 2022 జులైలో అదీ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. ఈ మధ్యలో నేపాల్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కూడా ఈ ఆటను ఆపాలని చూశాయి. దక్షిణాసియాలో ఏ వీడియో గేమ్ చుట్టూ ఇంత రాజకీయం నడవలేదు.

ఇన్ని నిషేధాల్లోనూ ప్రభుత్వాలు ప్రధానంగా రెండు ప్రశ్నలే వేశాయి. ఈ ఆట ఏ దేశానిది? పిల్లలు ఎంతసేపు ఆడుతున్నారు? ఆట లోపల ఏముంది, అది మనిషిని ఎలా పట్టి ఉంచుతుంది, డబ్బు ఎలా సంపాదిస్తుంది అన్న ప్రశ్నలు ఎక్కువగా పక్కనే ఉండిపోయాయి. ఏళ్ల తరబడి ఆటలు ఆడినవాళ్లు మాట్లాడుకునేది మాత్రం వాటి గురించే.

ఒక మార్పు నుంచి పుట్టిన ఆట

పబ్జీ అంటే ‘ప్లేయర్ అన్‌నోన్స్ బ్యాటిల్‌గ్రౌండ్స్’. ‘ప్లేయర్ అన్‌నోన్’ అనేది ఐర్లాండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ ఆన్‌లైన్‌లో వాడుకున్న పేరు. ఆయన మొదట ‘ఆర్మా 2’ అనే సైనిక యుద్ధ క్రీడకు అభిమానులు చేసిన మార్పుల మీద పనిచేశారు. అందరూ ఒకరితో ఒకరు తలపడి చివరికి ఒక్కరే మిగలాలన్న ఊహకు ‘బ్యాటిల్ రాయల్’ అనే జపాన్ సినిమా ప్రేరణ. ఆ సినిమా పేరే తర్వాత ఈ తరహా ఆటలన్నింటికీ స్థిరపడిపోయింది.

దక్షిణ కొరియా సంస్థ బ్లూహోల్ గ్రీన్‌ను పిలిపించుకుని పూర్తిస్థాయి ఆటను తయారు చేసింది. క్రాఫ్టన్ అనే పేరు తర్వాత వచ్చింది. 2017 మార్చిలో ఈ ఆట కంప్యూటర్లపై విడుదలైంది. 2018 జనవరిలో స్టీమ్ వేదికపై ఏకకాలంలో 32 లక్షల మందికి పైగా ఆడి రికార్డు సృష్టించారు.

భారత్‌లో మాత్రం ఆ కంప్యూటర్ ఆట పెద్దగా పాకలేదు. ఆటను డబ్బు పెట్టి కొనాలి. దాన్ని నడపగల గ్రాఫిక్స్ కార్డుకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. 2018 మార్చిలో చైనా సంస్థ టెన్సెంట్ దీన్ని ఫోన్ల కోసం తయారు చేసి ఉచితంగా ఇవ్వడంతో కథ మారింది. 2020లో నిషేధం నాటికి ప్రపంచవ్యాప్త డౌన్‌లోడ్లలో దాదాపు నాలుగో వంతు, అంటే సుమారు 17.5 కోట్లు భారత్‌వేనని సెన్సార్ టవర్ సంస్థ అంచనా వేసింది.

చేతిలో ఉన్న యంత్రమే ఆటను నిర్ణయించింది

భారత్‌లో ఏ తరం ఏ ఆట ఆడిందో చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆట గొప్పతనం కన్నా ముందు దాని ధర, అది నడిచే యంత్రం లెక్కలోకి వచ్చాయి.

1990లలో టీవీకి తగిలించుకునే చవక యంత్రాలు వచ్చాయి. వాటిలో చాలావరకు నింటెండో యంత్రానికి నకళ్లు. ఒకే క్యాసెట్‌లో వందల ఆటలున్నాయని డబ్బా మీద రాసి ఉండేది. మారియో, కాంట్రా అలా మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. ఆ తర్వాత ‘రోడ్ రాష్’, 2002లో వచ్చిన ‘జీటీఏ వైస్ సిటీ’ స్నేహితుల మధ్య సీడీలుగా చేతులు మారాయి. సైబర్ కేఫ్‌లలో గంటకు ఇంత అని కట్టి, పక్క పక్క కంప్యూటర్ల మీద కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు... ఎక్కడైనా కనిపిస్తుంది.

2016 సెప్టెంబర్‌లో జియో రాకతో మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అదే కాలంలో పది వేల రూపాయల లోపు ఫోన్లు కూడా ఓ మోస్తరు 3డీ ఆటను నడిపే స్థాయికి వచ్చాయి. పబ్జీ మొబైల్ సరిగ్గా ఆ సమయంలో అడుగుపెట్టింది. అమెరికాలో పబ్జీని దాటిపోయిన ఫోర్ట్‌నైట్ ఆండ్రాయిడ్‌కు ఆలస్యంగా వచ్చింది, పైగా ఖరీదైన ఫోన్లు అడిగింది. దాంతో అది ఇక్కడ నిలదొక్కుకోలేదు. ఇంకా తక్కువ శక్తి ఉన్న ఫోన్లలో నడిచే ‘ఫ్రీ ఫైర్’ మాత్రం చిన్న పట్టణాల్లో, పల్లెల్లో పబ్జీకి దీటుగా పాకింది. దాన్ని తయారు చేసింది వియత్నాం స్టూడియో. ప్రచురించింది సింగపూర్ సంస్థ గరీనా.

అసలు ఆటలో ఏముంది?

విమానం నుంచి వంద మంది పారాచూట్లతో ఒక దీవి మీదకు దిగుతారు. ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఇళ్లల్లోకి దూరి తుపాకులు, కవచాలు, మందులు వెతుక్కోవాలి. కొద్దిసేపటికి మ్యాప్ మీద ఒక వలయం గీస్తారు. దాని బయట ఉన్నవారి ప్రాణం కరిగిపోతూ ఉంటుంది. వలయం చిన్నదవుతున్న కొద్దీ అందరూ ఒకరికొకరు ఎదురుపడక తప్పదు. అరగంటలో చివరి వ్యక్తి లేదా చివరి జట్టు మిగులుతుంది.

మారియోలో ఏ గుంత ఎక్కడుందో పదిసార్లు ఆడితే తెలిసిపోతుంది. కౌంటర్ స్ట్రైక్‌లో చిన్న మ్యాప్, రెండు జట్లు, వేళ్ల వేగం ముఖ్యం. ఇక్కడ ఎక్కడ దిగాలో, ఏం దొరుకుతుందో, వలయం ఎటు జరుగుతుందో ప్రతిసారీ మారుతుంది. గురి అంతగా లేనివాడు కూడా ఓపికతో, మంచి చోటు ఎంచుకుని చివరి పదిమందిలో నిలవగలడు. ఓడిపోతే అది తన తప్పు అనిపించదు. తుపాకీ దొరకలేదనో, వలయం దూరం పడిందనో అనుకోవచ్చు. వెంటనే మరో మ్యాచ్ సిద్ధంగా ఉంటుంది. ‘ఇంకొక్కటి’ అనిపించే గుణం ఇక్కడినుంచే వస్తుంది.

రెండో బలం మాటలు. నలుగురు ఒక జట్టుగా మైక్‌లో మాట్లాడుకుంటూ ఆడతారు. డిగ్రీ అయ్యాక తలోదారి అయిన స్నేహితులు రాత్రి పదింటికి కలుసుకునే అరుగు అది. 2020 లాక్‌డౌన్‌లో ఆ అవసరం మరింత పెరిగింది. సగం మ్యాచ్‌లో పిల్లవాడిని ఫోన్ పక్కన పెట్టమంటే ఎందుకు అంత కోపం వస్తుందో కూడా దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఈ ఆటను మధ్యలో ఆపి తర్వాత కొనసాగించే వీలు లేదు. వెళ్లిపోతే మిగిలిన ముగ్గురినీ వదిలేసినట్టే.

పాత ఆటగాళ్ల తూకం

కంప్యూటర్ ఆటల్లో పండినవారు ఫోన్ పబ్జీని మొదట తేలిగ్గా తీసుకున్నారు. గాజు తెర మీద బొటనవేళ్లతో తుపాకీ పేల్చడమేమిటని నవ్వుకున్నారు. కానీ ఫోన్‌ను కొద్దిగా వంచి గురి సరిచూసుకునే జైరోస్కోప్ పద్ధతి, మూడు నాలుగు వేళ్లతో ఆడే తీరు చూశాక చాలామంది అభిప్రాయం మార్చుకున్నారు. అడుగుల చప్పుడును బట్టి శత్రువు ఎటువైపున్నాడో పసిగట్టడం, తుపాకీ ఎగరకుండా అదుపు చేయడం ఇందులో నిజంగా నేర్చుకోవాల్సిన విద్యలే.

లోపాలూ తక్కువేం కాదు. కొత్త ఖాతాలతో ఆడే మ్యాచ్‌లలో ఎదురుగా వచ్చేవారిలో చాలామంది మనుషులు కారు, కంప్యూటర్ నడిపే బొమ్మలు. మొదటి రోజుల్లో వరుసగా దక్కే విజయాల్లో వాటి వాటా పెద్దది. టాబ్లెట్ లేదా ఖరీదైన ఫోన్ ఉన్నవాడికి దృశ్యం మరింత స్పష్టంగా, వేగంగా కనిపిస్తుంది. కాబట్టి పోటీ పూర్తిగా సమానం కాదు. గోడల వెనక ఉన్నవారిని చూపించే మోసపు సాఫ్ట్‌వేర్ బెడద పూర్తిగా పోలేదు. ఏటికేడాది వచ్చి పడే కొత్త వేడుకలు, సినిమా తరహా హంగులు మొదటి దీవి ‘ఎరాంగెల్’లోని నిశ్శబ్దాన్ని చెడగొట్టాయన్నది పాతవారి ప్రధాన ఫిర్యాదు.

ఫ్రీ ఫైర్‌తో పోల్చినప్పుడు మరో తేడా బయటపడుతుంది. పబ్జీలో డబ్బు పెట్టి కొనే దుస్తులు, తుపాకీ రంగులు అలంకారాలే. అవి తూటా బలాన్ని పెంచవు. ఫ్రీ ఫైర్‌లో పాత్రలకు ప్రత్యేక శక్తులు ఉంటాయి. కొన్ని తుపాకీ స్కిన్‌లు ఆయుధం పనితీరునే మారుస్తాయి. చెల్లించినవాడికి ఆటలోనే మేలు జరిగే ఈ పద్ధతిని దీర్ఘకాల ఆటగాళ్లు క్షమించరు. అదే సమయంలో పది పదిహేను నిమిషాల్లో ముగిసే మ్యాచ్‌లు, చవక ఫోన్లలోనూ సాఫీగా నడవడం ఫ్రీ ఫైర్‌కు ఉన్న నిజమైన గుణాలు. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘తుపాకీ ఆట’ అనేస్తే ఈ తేడాలేవీ కనిపించవు.

ఉచిత ఆటకు డబ్బు ఎక్కడిది?

ఆట ఉచితమే. సంపాదన అంతా అలంకారాల మీదే. యూసీ అనే ఆట నాణేలను రూపాయలతో కొనాలి. వాటితో ‘రాయల్ పాస్’ తీసుకుంటే, ఇచ్చిన పనులు చేసుకుంటూ పోయిన కొద్దీ బహుమతులు తెరుచుకుంటాయి. పాస్‌కు గడువు ఉంటుంది. కట్టిన డబ్బు వృథా కాకూడదంటే రోజూ ఆడాలి.

అంతకన్నా ఆలోచించాల్సినవి ‘క్రేట్లు’. ఇవి మూసి ఉన్న పెట్టెల లాంటివి. డబ్బు కట్టి తెరిస్తే లోపల ఏముందో అదృష్టాన్ని బట్టి తెలుస్తుంది. అరుదైన దుస్తులు దక్కే అవకాశం చాలా తక్కువ. తిరునాళ్లలో రింగులు విసిరి సబ్బు పెట్టె గెలుచుకునే ఆటకు దగ్గరి చుట్టం ఇది. తేడా ఏమిటంటే తిరునాళ్లు ఏడాదికోసారి వస్తాయి. ఇది ఫోన్‌లో రోజంతా తెరిచే ఉంటుంది, నాన్న యూపీఐ ఖాతా పక్కనే ఉంటుంది.

ఈ విషయాన్ని కొన్ని దేశాలు ముందే పట్టించుకున్నాయి. ఇలాంటి పెట్టెల్లో ఏది దక్కే అవకాశం ఎంతో బయటపెట్టాలని చైనా 2017లో నిబంధన తెచ్చింది. డబ్బు కట్టి తెరిచే పెట్టెలు జూదం కిందికే వస్తాయని 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ తేల్చింది. దక్షిణాసియాలో జరిగిన పబ్జీ చర్చల్లో ఈ పెట్టెల ఊసు అరుదుగానే వినిపించింది.

నిషేధాల వరుస

భారత్‌లో మొదటి దెబ్బ 2019 మార్చిలో పడింది. పరీక్షల వేళ రాజ్‌కోట్ సహా గుజరాత్‌లోని కొన్ని నగరాల పోలీసులు పబ్జీని నిషేధించారు. ఫోన్‌లో ఆట ఆడినందుకు యువకులను అరెస్టు కూడా చేశారు. 2019 ఏప్రిల్‌లో నేపాల్ ఈ ఆటను అడ్డుకుంది. కొద్ది రోజుల్లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆ నిషేధం అమలును ఆపింది. పాకిస్తాన్ టెలికాం సంస్థ 2020 జులై 1న తాత్కాలికంగా నిలిపివేసి, కోర్టు కేసు, కంపెనీతో చర్చల తర్వాత ఆ నెలాఖరుకే ఎత్తేసింది. 2021 ఆగస్టులో బంగ్లాదేశ్ హైకోర్టు పబ్జీ, ఫ్రీ ఫైర్ లాంటి ఆటలను మూడు నెలలు ఆపాలని ఆదేశించింది. ఈ దేశాలన్నీ చెప్పిన కారణం ఒక్కటే: పిల్లలు పాడవుతున్నారు.

2020లో భారత్ చెప్పిన కారణం వేరు. ఆ ఏడాది జూన్‌లో గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. ఆ తర్వాత దేశ భద్రత, సమాచార గోప్యత పేరిట ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద చైనా సంబంధం ఉన్న యాప్‌లపై వేటు మొదలైంది. పబ్జీ సృష్టి కొరియాది, మొబైల్ రూపం చైనాది. ఆ ముడి విప్పుకోవడానికి కొరియా సంస్థ భారత్‌లో టెన్సెంట్‌కు ఇచ్చిన హక్కులను వెనక్కి తీసుకుంది. 2021 జులై 2న బీజీఎంఐ అధికారికంగా విడుదలైంది. పాత ఖాతాల్లో కొన్న వస్తువులను కూడా కొత్త ఆటలోకి తెచ్చుకునే వీలిచ్చారు. రక్తం రంగు ఆకుపచ్చగా మారింది. దీవి అదే, వలయం అదే, పెట్టెలూ అవే. క్రాఫ్టన్‌లో టెన్సెంట్‌కు చెప్పుకోదగ్గ వాటా మాత్రం కొనసాగింది.

2022లో వైరుధ్యం మరింత బయటపడింది. ఆ వేసవిలో బీజీఎంఐ పోటీలను స్టార్ స్పోర్ట్స్ చానల్ ప్రసారం చేసింది. ఆ సిరీస్ ముగిసిన రెండు వారాల్లోపే, జులై 28న ప్రభుత్వ ఆదేశంతో ఆట యాప్ స్టోర్ల నుంచి పోయింది. అంతకు కొద్ది రోజుల ముందే రాజ్యసభలో అప్పటి వైసీపీ సభ్యుడు వి. విజయసాయి రెడ్డి పబ్జీ ప్రభావం గురించి అడిగిన ప్రశ్నకు, నిషేధించిన యాప్‌లు కొత్త అవతారాల్లో వస్తున్నాయన్న ఫిర్యాదులు అందాయని ప్రభుత్వం జవాబిచ్చింది. పోటీల్లో గెలిచి బతుకుదామనుకున్న కుర్రాళ్లకు పది నెలలు పని లేకుండా పోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించినా, దాని మెరుగైన రూపం ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ మాత్రం ప్లే స్టోర్‌లో ఉంటూనే వచ్చింది.

కాలపరిమితులు పనిచేశాయా?

బీజీఎంఐలో 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి ఉంది. 2023లో తిరిగి వచ్చినప్పుడు పెద్దలకు 6 గంటలు పెట్టారు. మైనర్లు తల్లిదండ్రుల ఫోన్ నంబరు ఇవ్వాలి. ఇదంతా కాగితం మీద బాగానే ఉంది. కానీ నాన్న ఫోన్‌లో, నాన్న వయసుతో ఆడే పిల్లవాడికి ఈ కంచె అడ్డం రాదు.

చైనా ఇంకా కఠినంగా వెళ్లింది. 2021 నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకు మాత్రమే అనుమతి. దానికి అసలు పేర్లతో నమోదు వ్యవస్థ కావాలి. అర్ధరాత్రి తర్వాత 16 ఏళ్ల లోపు వారు ఆడకూడదని 2011లో చట్టం తెచ్చిన దక్షిణ కొరియా, పదేళ్ల తర్వాత దాన్ని రద్దు చేసుకుంది. అప్పటికి పిల్లలు ఫోన్లకు మారిపోయారు, చట్టం కంప్యూటర్ల దగ్గరే ఉండిపోయింది.

ఎక్కువసేపు ఆడటం, వ్యసనం ఒకటి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. గంటల లెక్క అందులో కొలమానం కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నింటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం సాధారణంగా 12 నెలలు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. సెలవుల్లో నాలుగు గంటలు ఆడి, పిలవగానే అన్నానికి వచ్చే పిల్లవాడు ఆ జాబితాలోకి రాడు. బడి మానేసి, నిద్ర పోగొట్టుకుని, ఇంట్లో డబ్బు తీసే దశకు వచ్చిన పిల్లవాడికి మందలింపు చాలదు, వైద్యుల సాయం కావాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇందుకోసం 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

2025 చట్టం ఎక్కడ ఆగింది?

ఆటలు, డబ్బు అన్న వివాదానికి తెలుగు నేలతో పాత సంబంధమే ఉంది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్ క్లబ్ ఒకదానికి సంబంధించిన కేసులోనే. ఆ తీర్పును చూపించే ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు చాలాకాలం వ్యాపారం చేశాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి వాటిని నిషేధించాయి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలన్నింటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. వాటిని నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవారికి శిక్ష లేదు. ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం చట్టం గుర్తింపు, ప్రోత్సాహం ఇస్తానంది.

బీజీఎంఐ లాంటి ఆటలకు ఇది ఒక విధంగా ఊరట. పోటీ ఆటగాడు జూదగాడు కాడని చట్టమే చెప్పింది. క్రేట్ల సంగతి మాత్రం తేలలేదు. వాటిలో దక్కిన దుస్తులను డబ్బుగా మార్చుకునే దారి ఆటలో లేదు. కాబట్టి ఆన్‌లైన్ రమ్మీతో సమానం చేయలేం. అలాగని పన్నెండేళ్ల పిల్లవాడు ఏం దక్కుతుందో తెలియక మళ్లీ మళ్లీ డబ్బు కట్టడం మామూలు కొనుగోలు కూడా కాదు. ఏది దక్కే అవకాశం ఎంతో పెద్ద అక్షరాల్లో చూపించాలా, మైనర్లకు వీటిని అమ్మవచ్చా, ఆట మూతపడితే కొన్నవాటి గతేమిటి అన్నవి దేశం పేరుతో సంబంధం లేకుండా ప్రతి ఆటకూ వర్తించే ప్రశ్నలు.

అందాకా ఇళ్లలో చేయగలిగేవి చిన్న పనులే. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. పిల్లల ఖాతాలో వారి అసలు వయసే నమోదు చేయవచ్చు. ‘ఇప్పుడే ఆపెయ్’ అనే బదులు ‘ఈ మ్యాచ్ అయ్యాక ఆపెయ్’ అనవచ్చు. మ్యాచ్ అరగంటలో అయిపోతుంది. ఆ మాట నిలబెట్టుకుంటున్నాడా లేదా అన్నది, రోజుకు ఎన్ని గంటలు ఆడాడన్న లెక్క కన్నా ఎక్కువ చెబుతుంది.